మామూలు కాగితం

మా పిన్నికి పగ పట్టడం చేతకాదని చాలామంది అనుకునేవారు. నేనూ అనుకునేదాన్ని. ఎవరైనా ఓ మాట అంటే నవ్వేసి గరిటె తిప్పుకుంటూ పోయే మనిషి. కానీ పద్నాలుగేళ్ళ పాటు పగను సన్నటి మంట మీద కాచి, అడుగంటకుండా, పొంగిపోకుండా, దించవలసిన రోజున దించడం ఆమె దగ్గరే చూశాను. చూసి సంతోషించాను కూడా. ఆ సంగతి దాచుకునే ఉద్దేశం నాకు లేదు.

ఆమె నాకు సొంత పిన్ని కాదు. పార్కుకు వచ్చే అందరికీ పిన్నే. నాది పార్కు గేటు ఎదురుగా కుట్టు దుకాణం. జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చేయడం, ఒళ్ళు చేసినవాళ్ళ బట్టలు కుట్లు విప్పి వదులు చేయడం నా పని. మధ్యాహ్నం మిషను ఆపి, రోడ్డు దాటి, బాతుల కొలను పక్కనున్న కెఫేకి వెళ్ళేదాన్ని.

కెఫే అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒకప్పుడు తోటమాలులు పారలూ నీళ్ళ గొట్టాలూ పడేసుకున్న గది. ముందు హాల్లో ఆరు బల్లలు, వెనక చిన్న వంటగది, వంటగదికి ఒక కిటికీ. దొరికేది సూపు, రొట్టె, టీ. ఇవ్వగలిగినవాళ్ళు డబ్బాలో ఏదో వేస్తారు, లేనివాళ్ళు తిని మూతి తుడుచుకుని పోతారు. ఎవరికీ జీతం లేదు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన తాతయ్య రొట్టెలు కోస్తాడు, టీచరమ్మ కప్పులు కడుగుతుంది, సోమవారాలు బల్లలు తుడిచేది నేను. ఆసుపత్రి డ్యూటీ దిగిన నర్సులూ, ఇంట్లో మాట్లాడే దిక్కులేని ముసలివాళ్ళూ, పిల్లల్ని ఉయ్యాల మీద వదిలేసి పది నిమిషాలు కూర్చుందామని వచ్చే తల్లులూ మా గిరాకీ. గుమ్మం పైన బోర్డు మీద ‘స్వచ్ఛంద కెఫే’ అని ఉంటుంది. అందులో ‘స్వచ్ఛంద’ అన్న మాట ‘కెఫే’కి రెండింతలుంటుంది. బోర్డు రాసినతను ఎందుకమ్మా అంత పెద్దగా అంటే, “ఆ మాట మీద నాకు హక్కుంది, నువ్వు రాయి” అందట పిన్ని.

ఆ హక్కు ఎలా వచ్చిందో చెప్పాలి.

పిన్ని ఇరవై ఆరేళ్ళు బల్బుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసింది. అదే ఫ్యాక్టరీ ఆఫీసులో ఆమె అక్క మొగుడు హెడ్ క్లర్కు. ఒకరోజు భోజనాల వేళ బావగారు ఓ కాగితం పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు. “ఇక్కడొక సంతకం పెట్టు మరదలా” అన్నాడు. పిన్ని చేతులు తడిగా ఉన్నాయి. ఏముంది బావగారూ ఇందులో అంటే, “చదవక్కర్లేదు, మామూలు కాగితమే” అన్నాడు. ఆమె చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని సంతకం పెట్టింది. పెట్టడమే కాదు, వచ్చినవాడు ఉత్త చేతులతో పోకూడదని గిన్నెడు సూపు కూడా పోసింది. ఆయన తాగాడు. బాగుందని చెప్పి మరీ వెళ్ళాడు.

సోమవారం వెళ్ళేసరికి క్యాంటీన్‌కి తాళం. వారం రోజులు తిరిగి తిరిగి అడగ్గా, ఆఫీసులో ఎవరో ఆ కాగితం తీసి చూపించారు. ‘నేను స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకుంటున్నాను’ అని ఉంది. కింద ఆమె సంతకం, సంతకం పక్కన తడి వేలి మరక. స్వచ్ఛందంగా అంటే ఏమిటని పిన్ని టీచరమ్మనే అడిగింది. ఎవరూ బలవంతపెట్టకుండా, మన ఇష్టంతో అని టీచరమ్మ చెప్పింది. “ఓహో” అంది పిన్ని. అంతే. అరవలేదు, ఏడవలేదు, అక్కతో తెగతెంపులు చేసుకోలేదు. తుక్కులో పారేసిన క్యాంటీన్ పెద్దగిన్నె ఒక్కటి అడిగి తెచ్చుకుంది. బండి లేక, గిన్నెను అంచు మీద నిలబెట్టి మూడు వీధులు దొర్లించుకుంటూ వచ్చింది. అందులో అక్క వీధి కూడా ఉంది. దగ్గర దారి అది కాదు. ఆ గిన్నె చప్పుడుకి వీధంతా గుమ్మాల్లోకి వచ్చిందని, బావగారు మాత్రం రాలేదని తర్వాత విన్నాను.

ఐదేళ్ళు అక్కడా ఇక్కడా అంట్లు తోమింది. తర్వాత పార్కుల ఆఫీసు చుట్టూ తిరిగి, ఆ పారల గది అడిగి తీసుకుంది. అదే గిన్నె పొయ్యి మీదికెక్కింది. అది జరిగి తొమ్మిదేళ్ళు.

ఇక ఫిర్యాదుల పుస్తకం సంగతి. గది ఇచ్చేటప్పుడు ఆఫీసువాళ్ళు పెట్టిన షరతుల్లో అదొకటి. గల్లా దగ్గర తాడు కట్టి వేలాడదీయాలట. మొదటి వారం అందులో ఎవరూ ఏమీ రాయలేదు. పిన్నికి అది నామోషీగా తోచింది. ఖాళీ పుస్తకం చూస్తే ఎవరూ రావడం లేదనుకుంటారు, ఏదో ఒకటి రాసి తగలడండి అంది. అప్పుడు డ్రైవరు తాతయ్య పెన్ను తీసి, ‘ఈ టీ తాగి ఇంటిదారి మరిచిపోయాను. ఇల్లు గుర్తొచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను’ అని రాశాడు. అందరం నవ్వాం. పిన్ని దానికి ఒకటో నంబరు వేసింది.

అక్కణ్ణించి అదో జబ్బులా పట్టుకుంది. ప్రతి శుక్రవారం ఆ వారం ఫిర్యాదులు పిన్ని పైకి చదివేది. ఎవరిది బాగా మండేలా ఉంటే వాళ్ళకు గిన్నెలోంచి మొదటి గరిటె. రూలు ఒక్కటే. పుస్తకంలో మెచ్చుకోలు రాయకూడదు. రాసినవాళ్ళకు ఆ పూట సూపు లేదు. అలా తొమ్మిదేళ్ళలో నాలుగు వందల పన్నెండు ఫిర్యాదులు పోగయ్యాయి. మొగుడు పోయిన ఏడాదంతా నాకు వేళకింత పెట్టి బతికించిన చోటు అది. నేను అక్కడ రాసిందేమిటయ్యా అంటే, ‘సూపులో ఈగ పడి చచ్చింది. మునిగి చావలేదు, రుచి చూసి చచ్చింది.’ ఆ శుక్రవారం మొదటి గరిటె నాదే.

అందరిలోకీ మొనగాడు ‘బాధితుడు’ అని సంతకం పెట్టేవాడు. ఎవరో మాకు తెలియదు. హాల్లో ఎవరూ లేనప్పుడు రాసి పోయేవాడు. ఎన్నిసార్లు గెలిచినా గరిటె పోయించుకోవడానికి ముందుకొచ్చేవాడు కాదు. ఎవరు పిన్నీ అని అడిగితే, “పాపం బాధితుడులే” అని నవ్వేది.

ఇలా ఉండగా బావగారు రిటైరై పార్కు కమిటీకి కార్యదర్శి అయ్యాడు. కార్యదర్శికి గది కావాలి, గదికి నేమ్‌ప్లేటు కావాలి, నేమ్‌ప్లేటు వెనక గిర్రున తిరిగే కుర్చీ కావాలి. పార్కులో ఉన్న గది ఒక్కటే. కమిటీ వాళ్ళు చూస్తారట అని చెప్పి ఫిర్యాదుల పుస్తకం రెండు రోజులు అరువడిగాడు. పిన్ని ఇచ్చింది. పుస్తకం తిరిగొచ్చింది. పది రోజులకు పార్కుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది.

టీచరమ్మ పైకి చదివింది. తొమ్మిదేళ్ళుగా తినుబండారాల మీద వందల కొద్దీ ఫిర్యాదులు వచ్చాయి, ఒక్కరూ బాగుందని రాయలేదు, కనుక కెఫేని ఎందుకు మూసివేయరాదో చెప్పండి అని దాని సారాంశం. మొదటి ఉదాహరణ ఈగ. నా ఈగ. దానికి జోడించిన బావగారి అర్జీలో, ‘నేను ఆ చోట ఎన్నడూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు’ అని ఉంది. శుక్రవారం మధ్యాహ్నం అధికారిణి స్వయంగా వచ్చి రెండు పక్షాలూ వింటుందట.

నా చేతులు నరికేసుకోవాలనిపించింది. పిన్ని ఇరవై ఆరేళ్ళు వండిన క్యాంటీన్‌ని బావగారు ఒక్క మాటతో మూశాడు. ఇప్పుడీ గదిని మా మాటలతోనే మూయిస్తున్నాడు. పిన్నికి అరవై మూడేళ్ళు, ఇంకో గది అడిగి తీసుకునే వయసు కాదు. అందరం వెళ్ళి రాసిందంతా వెనక్కి తీసుకుంటామని డ్రైవరు తాతయ్య అన్నాడు.

“ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోవద్దు” అంది పిన్ని. ఆమె ఒక చేత్తో పుస్తకం, ఇంకో చేత్తో బావగారు పుస్తకం నుంచి టైపు చేయించి ఆఫీసుకిచ్చిన, నోటీసుతో పాటు వచ్చిన నకలు పట్టుకుని పేజీలు తిప్పుతోంది. మెడలో వేలాడే కళ్ళజోడు పెట్టుకుని పెన్సిలుతో ఏవో గుర్తులు పెట్టుకుంది. తర్వాత ఫోను తీసింది.

“అక్కా, నేనే. మోకాళ్ళ నొప్పులున్నాయని తెలుసు. ఆటో పంపిస్తాను. శుక్రవారం మా కెఫేకి భోజనానికి రా” అంది.

ఫోను పెట్టేసి నవ్వింది. ఆ నవ్వు నేనంతకు ముందు చూడలేదు. చూశాక నాకు ఆకలి వేసింది.

శుక్రవారం అధికారిణి వచ్చింది. చిన్న వయసే గానీ పెదవుల మీద నవ్వు అన్నది లేని మనిషి. బావగారు ఇస్త్రీ చొక్కాతో ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాడు. పెళ్ళాం ఆటో దిగి లోపలికి రావడం చూసి కాస్త కదిలాడు. అక్క జన్మలో మొదటిసారి అక్కడ అడుగు పెట్టింది. అదొక మురికి కొంప అని మొగుడు చెప్పగా నమ్మిన ఇల్లాలు. కుర్చీ చేతిరుమాలుతో తుడుచుకుని కూర్చుంది.

అధికారిణి ముందుగా నన్నే పిలిచింది.

“ఈగ గురించి రాసింది మీరేనా?”

“నేనేనండి.”

“ఈగ పడిందా?”

“లేదండి.”

“మరి ఎందుకు రాశారు?”

“సూపు చాలా బాగుందండి. అందుకని రాశాను.”

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి ఏదో రాసుకుంది. ఆ తర్వాత తాతయ్య, టీచరమ్మ, ఇద్దరు నర్సులు. అందరిదీ అదే పాట. బావగారు గొంతు సవరించుకున్నాడు.

“చూశారుగా మేడమ్. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు. మొహమాటానికి మాట మారుస్తున్నారు.”

“మీ బాధ నాకు అర్థమవుతోంది” అంది అధికారిణి మా వంక చూసి. “కానీ కాగితం మీద ఉన్నది ఫిర్యాదు. బాగుందని ఒక్కరూ రాయలేదు. రాయనిదాన్ని నేనెలా చూపించను?”

నిజమే కదా. తొమ్మిదేళ్ళ ప్రేమంతా తిట్ల రూపంలో రాసి పెట్టుకున్న వెర్రివాళ్ళం మేము. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. బావగారు అప్పుడే గోడలు చూసుకుంటున్నాడు, నేమ్‌ప్లేటు ఎక్కడ కొట్టాలా అని.

“మేడమ్” అంది పిన్ని పొయ్యి దగ్గర నుంచే. “ఆ నకల్లో నంబర్లు ఒకసారి చూడండి. వరసగా ఉన్నాయా?”

అధికారిణి చూసింది. వేలితో కిందికి జరిపింది. ఒక చోట ఆగింది, ఇంకో చోట ఆగింది. “మధ్యమధ్యలో లేవు” అంది.

“నలభై ఒకటి లేవు. పుస్తకంలో ఉన్నాయి.”

“అవి అంత ముఖ్యమైనవి కావు మేడమ్” అన్నాడు బావగారు. మాట తొందరగా వచ్చింది.

“ముఖ్యమో కాదో విందాం” అంది అధికారిణి.

పిన్ని పుస్తకం తాడు విప్పి అక్క ఒళ్ళో పెట్టింది. “అక్కా, నా కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయాను. పెన్సిలు గుర్తున్నవి కాస్త నువ్వు చదువు.” కళ్ళజోడు ఆమె మెడలోనే ఉంది. ఎవరం చెప్పలేదు.

అక్క పేజీ తెరిచింది. చదవబోయి ఆగింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఫ్రిజ్ మీద అంటించిన చీటీల్లో చూస్తున్న రాత అది. ప్రతిదానికీ ఒకటి, రెండు, మూడు అని అంకెలు, కింద రెండు గీతలు. ఆమె మొగుడి వైపు ఒకసారి చూసి, బడిపిల్ల పాఠం చదివినట్టు చదవడం మొదలుపెట్టింది.

“ఒకటి. ఇక్కడి సూపులో ఉప్పు తక్కువ. రెండు. అయినా మా ఇంట్లో కంటే ఎక్కువే. మూడు. ఈ సంగతి మా ఇంటిదానికి చెప్పరాదు. ఇట్లు, బాధితుడు.”

ఎవరో కిసుక్కుమన్నారు. అక్క పేజీ తిప్పింది.

“ఒకటి. డాక్టరు ఉప్పు మానమన్నాడు, మా ఆవిడ రుచి కూడా మానిపించింది. రెండు. వంటగది కిటికీ ఎత్తుగా ఉన్నందువల్ల గిన్నె అందుకోవడం కష్టంగా ఉన్నది. మూడు. ఒక పీట వేయించగలరు.”

అప్పటికి హాలంతా గొల్లుమంది. రోజూ వ్యాయామమని బయలుదేరే మొగుడు ఎటు నడుస్తున్నాడో, ఏ కిటికీ బయట నిలబడి సూపు తాగుతున్నాడో అక్కకి అప్పుడు తెలిసింది. బాధితుడెవరో మాకూ అప్పుడే తెలిసింది. మాతో ఆడుకున్నవాడే మా ఆటను మోసుకెళ్ళి ఆఫీసులో పెట్టాడు. నవ్వుతూనే నాకు ఒళ్ళు మండిపోయింది. అధికారిణి అర్జీ తీసి, ‘పచ్చి మంచినీళ్ళు’ అన్న చోట వేలు పెట్టుకుని వింటోంది. బావగారి చెవులు ఎర్రబడ్డాయి. ఇక చాలు ఆపమని ఆయన అంటే, అక్క తల ఎత్తకుండా, “ఇంకా ఉన్నాయండీ, ఉండండి” అంది.

చివరి గుర్తు దగ్గర ఆమె పుస్తకాన్ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది. అక్కడ అంకెలు లేవు, గీతలు లేవు. ఒకే ఒక్క వాక్యం.

“ఇవాళ ఫిర్యాదు లేదు” అని చదివి, తారీఖు మీద వేలు పెట్టింది. “ఇది నా ఆపరేషన్ రోజు.”

పిన్ని అది ఏ రోజో మరిచిపోయి గుర్తు పెట్టిందేమో అని ఆమె వైపు చూశాను. మరిచిపోలేదు. ఆ రోజు ఆసుపత్రి బయట కాళ్ళు కాలిన పిల్లిలా తిరుగుతున్న బావగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, వంటగదిలో స్టూలు మీద కూర్చోబెట్టి, కబురొచ్చేదాకా పక్కనుండి సూపు తాగించింది తనేనట. ఫ్యాక్టరీ తర్వాత ఐదేళ్ళకో ఆరేళ్ళకో జరిగిందది. అప్పుడు కూడా ఏమీ అనలేదు. గిన్నె నింపింది.

“నేను కళ్ళు తెరిచేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదన్నారు నాతో” అంది అక్క. “నేను ఆ మాట నా చెల్లెలికి ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నానో.”



అధికారిణి ఫైలు మూసింది. “తొమ్మిదేళ్ళలో ఫిర్యాదు లేదని రాసింది ఒక్కరే. అదీ అర్జీదారుగారే” అంది. “మీరు అర్జీ వెనక్కి తీసుకుంటే ఇది ఇక్కడితో సరి. లేదంటే నకల్లోంచి నలభై ఒకటి తప్పించారని నేను రాయాల్సి ఉంటుంది.” ఆయన ముందు ఓ కాగితం పెట్టింది. ఆయన సంతకం పెట్టాడు.

పెన్ను ఇంకా చేతిలో ఉండగానే పిన్ని ఏప్రన్ జేబులోంచి ఇంకో కాగితం తీసి, మడత విప్పి, పైభాగం అరచేత్తో కప్పి ఆయన ముందు పెట్టింది. ఆ చెయ్యి తడిగా ఉంది.

“ఇక్కడ కూడా ఒకటి బావగారూ. చదవక్కర్లేదు, మామూలు కాగితమే.”

ఆయన తలెత్తాడు. చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. ఆ మాటలు గుర్తొచ్చాయని నాకు తెలిసిపోయింది. ఏముంది ఇందులో అని అడగొచ్చు, అడగలేదు. ఆ చెయ్యి తీయమని కూడా అనలేదు. సంతకం పెట్టాడు. కాగితం మీద తడి వేలి మరక పడింది.

“శుక్రవారం పెద్దగిన్నె తోమే పని మీది” అంది పిన్ని కాగితం మడిచి. “స్వచ్ఛందంగా.”

తర్వాత వడ్డన. మొదటి గరిటె అక్కకి. ఉప్పు సరిపోయిందని చెప్పి అక్క రెండోసారి పోయించుకుంది. అధికారిణి డ్యూటీలో తినకూడదంటూనే సగం రొట్టె తింది. బావగారు కూడా గిన్నె పట్టుకుని వరసలో నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చేసరికి పిన్ని గరిటె గిన్నె అంచుకి తగిలించింది.

“మీకు లేదు బావగారూ. మెచ్చుకోలు రాశారు. రూలు మీకు తెలుసుగా.”

ఆయన ఖాళీ గిన్నెతో నిలబడ్డాడు. నాకు జాలి వేయాలి. వేయలేదు. నేను నా గిన్నెలోది చప్పుడు చేస్తూ తాగాను.

ఇది జరిగి ఏడు నెలలు. ఆయన ప్రతి శుక్రవారం మూడింటికి వస్తాడు, చొక్కా చేతులు పైకి మడుచుకుంటాడు, పెద్దగిన్నెలో నడుము దాకా దూరి తోముతాడు. రోజువారీ సూపు మళ్ళీ మొదలైంది. కిటికీ దగ్గర కాదు, హాల్లో, అందరి ముందూ, పక్కన అక్క కూర్చుని ఉండగా. పార్కు కమిటీకి గది లేదు. మీటింగులు బాతుల కొలను దగ్గర బెంచీ మీద పెట్టుకుంటున్నారు.

మొన్న శుక్రవారం కెఫే హాల్లో పిన్ని బిస్కెట్ల డబ్బాలో సూదులు వెతుకుతుంటే నాకు ఆ కాగితం దొరికింది. పిన్ని చేతిరాత. ‘నేను స్వచ్ఛందంగా ఈ ఒక్క శుక్రవారం పెద్దగిన్నె తోముతాను.’ రెండుసార్లు చదివాను.

“పిన్నీ, ఇందులో ఒక్క శుక్రవారమే ఉంది.”

“అవును.”

“ఆయనకి చెప్పలేదా?”

“చదవమంటే చూపిస్తాను. ఏడు నెలలైంది, ఇంతవరకూ అడగలేదు” అంది పక్క బల్ల మీద ఉల్లిపాయ తరుగుతూ. “నా కాగితం నా కంట పడేసరికి వారం పట్టింది. అప్పటికే తాళం పడిపోయింది. ఆయనకైతే తాళమేమీ లేదు కదా, ఎప్పుడైనా అడగొచ్చు.”

అప్పుడే వంటగదిలోంచి బావగారి గొంతు వినిపించింది. “మరదలా, అయింది. వచ్చి చూసుకో.”

పిన్ని చెయ్యి తుడుచుకుని వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. ఆమె గిన్నె వంచి లోపల వేలు పెట్టి తిప్పింది.

“అడుగున ఉంది బావగారూ. మళ్ళీ తోమండి.”

ఆయన చొక్కా మోచేతుల దాకా తడిసిపోయి ఉంది. నమ్మలేనట్టు నా వైపు తిరిగి, “నువ్వు చూసి చెప్పమ్మా, ఏమైనా ఉందా?” అన్నాడు.

నేను వంగి చూశాను. గిన్నె అడుగున నా మొహం తప్ప ఇంకేమీ లేదు.

“ఉందండి” అన్నాను.